ఆకుపచ్చ సిరా శ్రోత

చిరంజీవి డబ్బాలపిల్లకి,

అమ్మ ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ మీ నాన్నా నేనూ క్షేమం. నా మోకాళ్లు మాత్రం వేరు కాపురం పెడతామంటున్నాయి, బతిమాలి ఒకే ఇంట్లో ఉంచుతున్నాను. నువ్వూ, నీతో తిరిగే ఆ ముగ్గురూ వేళకి తింటున్నారనీ, ఆ బస్సులో కాస్తయినా నడుం వాలుస్తున్నారనీ తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. ఇన్ని ప్రశ్నలు ఫోనులో అడగొచ్చుగా అన్నారు మీ నాన్న. ఫోనులో నువ్వు "అమ్మా" అనేలోపు వెనకనుంచి ఎవరో "మైక్ టెస్టింగ్" అంటారు, నేను "తిన్నావా" అనేలోపు లైను పోతుంది. ఉత్తరమే మేలు. మధ్యలో ఎవరూ అడ్డురారు.

బోర్డులు రాయడానికి నేనింకా నిచ్చెన ఎక్కుతున్నానా అని అడిగావు. ఎక్కుతున్నాను, కోప్పడకు. నీకు ఈసారి చెప్పబోయే కబుర్లన్నీ నిచ్చెన మీదనుంచి విన్నవే. మీ పాటల్లోంచి ఏరి కూర్చిన ఆ సంకలనం గురించి జనం ఏమనుకుంటున్నారో రాయమన్నావు. "పేపర్లలో వచ్చింది నాకొద్దమ్మా, కొన్నవాళ్లు ఏమంటున్నారో చెప్పు. తేనె పూసి చెప్పకు" అన్నావు. సరే, పూయను. ఇక మీకు మొట్టమొదటి ఉత్తరం రాసిన ఆ ఆకుపచ్చ సిరా మనిషిని వేదిక మీదికి పిలవాలి, ఆచూకీ కనుక్కోమన్నావు చూడు, దాని సంగతి చివర్లో చెబుతాను. దానికి నేను కొంచెం ఊపిరి కూడగట్టుకోవాలి.

మన వీధి మలుపులో రికార్డుల షాపాయన గుర్తున్నాడుగా. నువ్వు చదువుకునే రోజుల్లో అక్కడ హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాతుకుపోతే "అమ్మాయీ, షాపుకి అద్దె నేను కట్టాలా నువ్వు కడతావా?" అనేవాడు. ఆయనే కబురు పెట్టాడు. ముందు అద్దం నిండా "తుప్పు" అని మీ బృందం పేరు, దాని కింద "ఇప్పటిదాకా" అని సంకలనం పేరు, చుట్టూ పదహారు పాటల పేర్లు రాయాలట. ఇప్పుడందరూ మిషను మీద అచ్చువేసిన రేకులు అంటించేస్తున్నారు గదా, మరి నన్నెందుకు పిలిచావయ్యా అన్నాను. "ఈ పేరు మొదట రాసిన చెయ్యి ఇంకా పనిచేస్తుంటే, మిషనెందుకమ్మా?" అన్నాడు.

ఆ మాటకి సగం మోకాళ్ల నొప్పి అక్కడికక్కడే పోయింది. ఇరవై రెండేళ్ల కింద నీ పెద్ద డ్రమ్ము మీద ఆ రెండక్షరాలు రాస్తూ నిన్నెంత తిట్టానో నీకు జ్ఞాపకముందా? "ఇంతకంటే మంచి పేరు దొరకలేదా? మీ అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే తుప్పు పట్టిందని చెప్పాలా?" అన్నాను. ఇప్పుడు అదే పేరు మనిషెత్తు అక్షరాలతో రాయమని పిలిచారు. షాపాయనకి ఒక్కటే షరతు పెట్టాను. "నేనెవరో ఎవరికైనా చెప్పావో, నీ అద్దం మీద అచ్చుతప్పు రాసిపోతాను." ఆయన నోరు కుట్టేసుకున్నాడు.

అలా మూడు రోజులు నేను నిచ్చెన మీద, మీ అభిమానులు నిచ్చెన కింద. బోర్డులు రాసే ముసలమ్మని ఎవరు పట్టించుకుంటారు? గోడకి చెవులుంటాయంటారు, నిచ్చెనకి కూడా ఉంటాయని వాళ్లకి తెలియదు.

మొదటి రోజు నేను సుద్దగీతలు కొట్టుకుంటుండగానే ఒక నర్సమ్మ వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫారం మీదే ఉంది. డిస్కు వెనక వైపు తిప్పి చూసి, "ఇదేమిటండీ, 'ఆరో అంతస్తు' నాలుగు నిమిషాలేనా? అది తొమ్మిది నిమిషాల పాట!" అంది.

"సంకలనం కదమ్మా, కాస్త కుదించారు" అన్నాడు షాపాయన.

"కుదించారా? అంటే చివర డ్రమ్ములొచ్చే భాగమంతా తీసేసినట్టేగా. నేను రోజూ ఆపరేషన్లు చూస్తాను సార్, పనికిరానిది తీసెయ్యడం నాకు తెలుసు. ఇది గుండె తీసేసి అపెండిక్సు ఉంచినట్టుంది."

నాకు పైనుంచి చప్పట్లు కొట్టాలనిపించింది. చేతిలో బ్రష్షు ఉండబట్టి ఆగాను.

ఇంకొకాయన లెక్కల మాష్టారట. చంకలో నోటుపుస్తకం. ఇరవై రెండేళ్లలో మీరు ఎనభై నాలుగు పాటలు చేశారని ఆయన లెక్క, నిజమేనా? అందులోంచి పదహారు ఏరడానికి పాటించిన సూత్రమేమిటని ఆయన ప్రశ్న. "సంవత్సరాల వరసా కాదు, రాగాల వరసా కాదు, అక్షరాల వరస అంతకన్నా కాదు. కళ్లు మూసుకుని బుట్టలో చెయ్యి పెట్టారా?" అని ఒకటే గొడవ. తన పదహారు ఏవో ఆయన ముందే రాసుకొచ్చాడు. అందులో ఏడే మీ జాబితాతో కలిశాయి. మార్కులు వేస్తే మీకు సగం కూడా రాలేదన్నమాట. కానీ వెళ్తూ వెళ్తూ డిస్కు ఒకటి కాదు, రెండు తీసుకున్నాడు. ఎందుకండీ అంటే, "తప్పులున్న పుస్తకమైనా పాఠ్యపుస్తకమే కదా" అన్నాడు.

ఒక తండ్రీ కూతుళ్లు వచ్చారు. ఆ పిల్లకి పదహారుంటాయేమో. తండ్రికి పాత పాటలు కావాలి, పిల్లకి చివర చేర్చిన ఆ ఒక్క కొత్త పాటే కావాలి. "మీ కాలం పాటల్లో గొంతు గరగర తప్ప ఏం వినిపిస్తుంది నాన్నా?" అంది. "ఆ గరగరే పాట! అది తీసేస్తే మిగిలేది ఇస్త్రీ చేసిన చొక్కా" అన్నాడాయన. చివరికి ఇద్దరూ చెరొక హెడ్‌ఫోను పెట్టుకుని, ఒకళ్లవైపు ఒకళ్లు చూసుకోకుండా, ఒకే తాళానికి కాళ్లు ఊపుతూ నిలబడ్డారు. వాళ్ల కాళ్లు మాత్రం పోట్లాడుకోలేదు.

తేనె పూయొద్దన్నావు గనక చేదు కూడా చెబుతాను. మీ గొంతులు ఇప్పుడు మరీ నున్నగా అయ్యాయని ఒకరిద్దరన్నారు. పాత అభిమానుల దగ్గర పాత పాటలన్నీ ఉన్నాయి, ఆ ఒక్క కొత్త పాట కోసం మొత్తం మళ్లీ కొనిపించడం ధర్మమా అని ఒక బస్సు కండక్టరు నిలదీశాడు. "తలుపు వెయ్యకు" పాట ఎందుకు లేదని మాత్రం వచ్చిన ప్రతివాళ్లూ అడిగారు. మిగతా అన్నిటికీ తన్నుకున్నవాళ్లు ఆ ఒక్కదాని దగ్గర ఒక్కతాటి మీదికొచ్చారు. దాన్ని చేర్చమని నువ్వు పోట్లాడి మీ గిటారతని దగ్గర ఓడిపోయావని రాశావు కదా. అతనికి చెప్పు, షాపు ఓట్లన్నీ నీకే పడ్డాయి.

ఇంకో మాట కూడా విన్నాను. నర్సమ్మ అంది, "ఇప్పటిదాకా అని పేరు పెట్టి అన్నీ ఒకచోట మూట గట్టారంటే, బయల్దేరిపోవడానికేగా?" అని. నేను రాస్తున్న గీత దగ్గరే ఆగిపోయాను. నిజమేనా తల్లీ, ఇక వాయించడం మానేస్తున్నారా? నిజమైతే ముందు నాకు చెప్పు. నిచ్చెన మీద వినే గతి మాత్రం పట్టించకు.

మీ నాన్న అభిప్రాయం రాయకపోతే ఆయన ఊరుకోరు. డిపోలో పని మానేసి ఇన్నేళ్లయినా ఆయన చెవులు ఇంకా బస్సుల కిందే ఉన్నాయి. "నాలుగో పాటలో క్లచ్చు జారుతోంది" అన్నారు. "ఎనిమిదోది మాత్రం అంత ఎత్తులోనూ గేరు మార్చకుండా లాగేసింది. పిల్ల మొండిది" అన్నారు. ఆయన నోటినుంచి అంతకన్నా పెద్ద పొగడ్త రాదని నీకు తెలుసు. కవరు మీద నీ బొమ్మ ఉన్న వైపు బయటికి పెట్టి టీవీ పక్కన నిలబెట్టారు. పాలతనికి చూపించారు. కరెంటు మీటరు చూసే అతను వస్తే అతనికీ చూపించారు. అతను "నేను పాటలు విననండీ" అంటే, "వినకపోతే పోయె, చూడు" అన్నారు.

ఇక మూడో పాట సంగతి. రెండో రోజు మధ్యాహ్నం షాపాయన "పరుగు" పెట్టాడు. షాపులో పదిహేను మంది ఉంటారు, ముందురోజు వచ్చినవాళ్లూ మళ్లీ చేరారు. ఎవరి గొడవలో వాళ్లున్నారు. పాట ఉరుకుతోంది. మధ్యలో నువ్వు ఆపుతావు చూడు, నాలుగు దెబ్బల చోటు ఖాళీగా వదిలేసి. ఆ ఖాళీ వచ్చేసరికి షాపంతా ఆగిపోయింది. మాష్టారు పేజీ తిప్పుతూ ఆగాడు. నర్సమ్మ చెయ్యి గాల్లో ఆగింది. ఆ కండక్టరు ఏదో తిట్టబోయి నోరు తెరిచి అలాగే ఉన్నాడు. నాలుగు లెక్కపెట్టేంత సేపు ఒక్కరు కూడా కదల్లేదు. అప్పుడు నీ దెబ్బ పడింది. అందరికీ ఒకేసారి ఊపిరొచ్చింది.

నా కూతురు ఒక్క దెబ్బా కొట్టకుండా పదిహేను మందిని ఆపేసింది. నేను నిచ్చెన మీద ఉన్నాను గానీ, నాకు నిచ్చెన అక్కర్లేదనిపించింది.

పాట అయిపోయాక ఆ తండ్రి, డిస్కు లోపలి కాగితం తీసి అందరికీ వినబడేలా చదివాడు. నువ్వు రాసిన ఆ వాక్యమే: "మమ్మల్ని ఒక్క క్షణం ఆగమని చెప్పి, మొత్తానికే ఆగిపోకుండా కాపాడిన ఆకుపచ్చ సిరా శ్రోతకు." ఆ మనిషెవరో అని అందరూ మొదలుపెట్టారు. మీ మొదటి కచేరీకి వచ్చింది ఏడుగురేనన్న కథ వాళ్లందరికీ కంఠతా వచ్చు. ఆ ఏడుగురిలో ఎవరో ఒకరని ఒకరు, కాదు పెద్ద సంగీత పండితుడని ఒకరు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ ఒకాయన, "అది నేనే" అన్నాడు.

యాభై దాటి ఉంటాయి. నడుముకి తాళాల గుత్తి. ఇంతసేపూ ఎవరితోనూ మాట్లాడకుండా అక్కడే నిలబడి విన్నాడు. అందరూ అతనివైపు తిరిగారు. షాపాయన కుర్చీ వేశాడు. ఆ పదహారేళ్ల పిల్ల అతని పక్కన నిలబడి ఫోటో తీసుకుంది. "ఏం రాశారండీ ఆ ఉత్తరంలో?" అని నర్సమ్మ అడిగితే, "అదంతా పాత సంగతమ్మా" అని తల దించుకున్నాడు.

నా బ్రష్షు జారి "ప్పు" కింద పెద్ద మరక పడింది. చేతులు తుడుచుకుని దిగి ఇంటికొచ్చేశాను. ఒంట్లో బాగాలేదా అని మీ నాన్న అడిగారు. ఎండ అన్నాను. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

ఇదిగో, కూడగట్టుకున్న ఊపిరి ఇక్కడ వాడుతున్నాను. తల్లీ, ఆ ఉత్తరం రాసింది నేనే.

మీ మొదటి క్యాసెట్టు నలభై ప్రతులు. వెనక మన ఇంటి చిరునామా నేనే రాశాను. కచేరీ అయ్యింది, మూడు నెలలు గడిచాయి, కరెంటు బిల్లు తప్ప మనింటికి ఉత్తరం రాలేదు. నువ్వు డ్రమ్ముల మీద దుప్పటి కప్పేశావు. బీమా ఆఫీసులో టైపు పనికి సోమవారం నుంచి వస్తానని చెప్పొచ్చావు. ఏడ్చి ఉంటే నాకు భయం వేసేది కాదు. నువ్వు ఏడవలేదు. "పోనీలే అమ్మా, అందరికీ అన్నీ రావు" అన్నావు. పంతొమ్మిదేళ్ల పిల్ల అనే మాటా అది?

బాగుందని నేను చెబితే నువ్వు నమ్మవు. అంతకు ముందే ఒకసారి అన్నావు, "నువ్వు అమ్మవి, బాగుందనే అంటావు. అమ్మ మాట లెక్కలోకి రాదు" అని. అందుకే అమ్మని కాకుండా పోయాను. నువ్వు ఇంట్లో లేని వేళ చూసి, బల్ల ముందు కూచుని ఎడమచేత్తో రాశాను. కుడిచెయ్యి అలిసిపోతే ఎడమచేత్తో రాయడం మా గురువుగారు నేర్పిన విద్యే. అది సిరా కూడా కాదే పిచ్చిదానా. మందుల షాపు బోర్డుకి తెచ్చిన ఆకుపచ్చ రంగు మిగిలితే పలచన చేసి, కలం ముంచి రాశాను. మూడు వీధుల అవతల పోస్టుడబ్బాలో వేసొచ్చాను.

పొగడలేదు. పొగిడితే పట్టుబడతాను. "మీ క్యాసెట్టు నాలుగుసార్లు విన్నాను. మూడుసార్లు ఆపేద్దామనుకున్నాను. మూడో పాటలో ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతున్నారు. ఎవరు తరుముతున్నారు? మధ్యలో ఒక్క క్షణం ఆగండి, వినేవాడు మిమ్మల్ని అందుకుంటాడు" అని రాశాను. కింద "ఒక శ్రోత" అని పెట్టాను.

అది అందిన రోజు నువ్వు ఇల్లంతా గిరగిరా తిరిగావు. "ఎవడమ్మా వీడు? నేను పరిగెడుతున్నానా? నాకు ఆగడం రాదా?" అని అరిచి, దుప్పటి లాగి అవతల పారేసి కూచున్నావు. నిన్ను లేపింది పొగడ్త కాదు, రోషం. సోమవారం బీమా ఆఫీసువాళ్లు నీకోసం ఎదురుచూసే ఉంటారు.

చెబుదామనుకున్న ప్రతిసారీ నువ్వు ఇంకో మెట్టు పైకెక్కి ఉండేదానివి. ఆ ఉత్తరానికి అద్దం కట్టించి బస్సులో వెంట తిప్పుకుంటున్నావని తెలిశాక నా నోరు మరీ పడిపోయింది. మీ నాన్నకీ చెప్పలేదు. ఇప్పుడు వేదిక మీదికి పిలుస్తానంటున్నావు గనక దాచే దారి లేదు.

నీకు కోపం రావచ్చు. అంతా అమ్మ ఆడించిన ఆటేనా అనిపించవచ్చు. కాదు తల్లీ. నేను రాసింది ఆ ఒక్కటే. మరుసటి నెల వచ్చిన రెండో ఉత్తరంనుంచి ఈనాటి దాకా వచ్చిన వేటిలోనూ నా చెయ్యి లేదు, ఒట్టు. ఆ సలహా కూడా సంగీతం తెలిసి ఇచ్చింది కాదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య చోటు వదలకపోతే బోర్డు చదవడం కష్టం. నాకు తెలిసింది అంతే. ఆ చోటు ఎంత వదలాలో, అందులో జనాన్ని ఎలా నిలబెట్టాలో, మళ్లీ ఏ క్షణాన దూకాలో నీకు నువ్వు కనుక్కున్నావు. నేను చెప్పింది నాలుగు ముక్కలు. నువ్వు చేసింది ఇరవై రెండేళ్లు.

ఇక ఆ తాళాలాయన. మూడో రోజు పొద్దున షాపు తెరవకముందే నేను మరక దిద్దుతుంటే వచ్చాడు. అద్దం వైపు చూస్తూ నిలబడి, "బాగా రాశారండీ" అన్నాడు.

నేను నిచ్చెన దిగి అడిగాను. "ఆ ఉత్తరంలో ఏం రాశావు తమ్ముడూ?"

"ఏముందక్కా. పాటలు చాలా బాగున్నాయని రాశాను."

"బాగాలేవని ఉంది అందులో."

అతని ముఖం పాలిపోయింది. "మీకెలా తెలుసు?"

"రాసిన చెయ్యి ఇదే గనక."

తాళాల గుత్తి సవరించుకున్నాడు. తర్వాత, "మీరు ఆ డ్రమ్ముల అమ్మాయికి ఏమవుతారు?" అన్నాడు.

"అమ్మని."

మెట్టు మీద కూలబడ్డాడు. "అబద్ధం చెప్పానక్కా. సిగ్గుచేటు పని చేశాను."

"నేనూ చెప్పాను. నీది నిన్నటిది, నాది ఇరవై రెండేళ్లది. నా ముందు నువ్వెంత?" అన్నాను. నవ్వొస్తుందనుకున్నాను. అతనికి రాలేదు, నాకూ రాలేదు.

అప్పుడు చెప్పాడు. అతను మీరు మొదటి కచేరీ చేసిన ఆ హాల్లో కుర్చీలు వేసే మనిషట. ఇప్పటికీ అక్కడే. ఆ రోజు రెండు వందల కుర్చీలు వేశాడు, వచ్చింది ఏడుగురు. ఖాళీ కుర్చీలు చూడ్డానికి బాగాలేదు, మడిచి లోపల పెట్టెయ్ అన్నాడట మేనేజరు.

"మడవలేదక్కా. ఇనప కుర్చీలు. మడిస్తే టప్పుమని చప్పుడు. మీ అమ్మాయి అంత ఇదిగా వాయిస్తుంటే నా చప్పుడు వల్ల తాళం తప్పుతుందేమోనని వెనక తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాను. చివరిదాకా విన్నాను. మేనేజరు చేత తిట్లు తిన్నాను."

"అయితే ఏడుగురు కాదు, ఎనిమిది మంది" అన్నాను.

"కుర్చీల్లో కూచున్నవాళ్లనే కదక్కా లెక్కపెడతారు? వేసినవాణ్ని ఎవరు పెడతారు?"

మర్నాడే ఉత్తరం రాద్దామని కవరు కూడా కొన్నాడట. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదట. "పాటలన్నీ ఎక్కడో అక్కడ మొదలవుతాయి, నా ఉత్తరమే మొదలవలేదు. నిన్న ఆ కాగితంలో మాటలు చదువుతుంటే, మొదటి శ్రోత అంటే నేనే కదా అనిపించింది. రాయనిది కూడా రాసినట్టే అనిపించింది. నోరు జారింది. తర్వాత అందరూ చూస్తుంటే కాదనలేకపోయాను."

నేను వదిలెయ్యమన్నాను. ఎవరికీ నష్టం లేదు, నేను నోరు విప్పను, నువ్వూ విప్పకు అన్నాను. అతను ఒప్పుకోలేదు. మధ్యాహ్నం షాపు నిండేదాకా ఉండి, అందరి మధ్యా నిలబడి చెప్పేశాడు. "నిన్న నేను అబద్ధం చెప్పాను. ఆ ఉత్తరం నాది కాదు. నేను ఆ హాల్లో కుర్చీలు వేసేవాణ్ని, అంతే."

నేను నిచ్చెనని గట్టిగా పట్టుకున్నాను, అతన్ని ఎవరు ఏమంటారోనని. ఫోటో తీసుకున్న ఆ పిల్లే ముందు మాట్లాడింది. "అంటే అంకుల్, ఆ రోజు మీరు నిజంగా అక్కడ ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

అంతే, మాష్టారు నోటుపుస్తకం తెరిచాడు. "మొదట ఏ పాట వాయించారు? వరస చెప్పండి, వరస!"

నర్సమ్మ తోసుకొచ్చింది. "'ఆరో అంతస్తు' ఆ రోజు పూర్తిగా వాయించారా? తొమ్మిది నిమిషాలూ?"

"తొమ్మిది కాదు, పన్నెండు. నేను గోడ గడియారం కిందే నిలబడ్డాను" అన్నాడతను.

షాపంతా గోల. ముందురోజు వేసిన కుర్చీ మళ్లీ వేశారు. అబద్ధం చెప్పినప్పుడు ఒక ఫోటో దక్కింది, నిజం చెప్పాక సాయంత్రం దాకా వదల్లేదు. నా సంగతి మాత్రం అతను బయటపెట్టలేదు. మధ్యమధ్య తలెత్తి నావైపు చూశాడు, అంతే.

అందుకని నా మనవి విను. నువ్వు వేదిక మీదికి పిలవాల్సింది నన్ను కాదు. నేను విన్నది ఇంట్లో, పక్కగదిలోంచి, వినక తప్పదు గనక. అతను తిట్లు పడి విన్నాడు. వచ్చే నెల మీరు అదే హాల్లో వాయిస్తున్నారని చెబితే, "తెలుసక్కా. టిక్కెట్లు అయిపోయాయి. జనం పట్టరని అసలు కుర్చీలే వెయ్యొద్దన్నారు, అందరూ నిలబడి చూడాలట. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ రోజు నాకు పని లేదు" అన్నాడు. వేదిక మాత్రం చచ్చినా ఎక్కనన్నాడు. వెనక తలుపు దగ్గర నిలబడతాడట. నువ్వు మైకులో ఎనిమిదో మనిషి అని ఒక్క మాట అను, చాలు. మేం కూడా వస్తున్నాం. నా మోకాళ్ల కోసం ఒక్క కుర్చీ వేయిస్తానని అతను మాటిచ్చాడు, అందువల్ల ఆ పూట హాలు మొత్తానికీ కుర్చీ ఉండేది నీ తల్లికే. మీ నాన్న చొక్కా అప్పుడే ఇస్త్రీకి వెళ్లింది.

అద్దం పూర్తయింది. ఎండ పడితే "తుప్పు" నీడ షాపు నేల మీద పరుచుకుంటోంది. జనం దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు. నేను వీధి అవతల నిలబడి కాసేపు చూసి వచ్చాను.

దీంతోపాటు ఇంకో కవరు పెడుతున్నాను. నిన్న తాళాలాయన మనింటికి తెచ్చిచ్చాడు. అదే కవరు, ఇరవై రెండేళ్ల కిందట కొన్నది, అంచులు పసుపెక్కాయి. చివరికి ఎలా మొదలుపెట్టావని అడిగితే, "మొదలుపెట్టేశానక్కా, ఎలాగో" అన్నాడు. పైన నీ పేరు, నువ్వు దిగిన హోటలు చిరునామా నన్ను రాయమన్నాడు, రాశాను. అతికించే ఇచ్చాడు. లోపల ఏముందో నాకు తెలియదు.

ఇట్లు,
నిన్ను పక్కగదిలోంచి వింటూ వచ్చిన
అమ్మ